మెదడునకు మురుగుకాలువ

విడవలూరు దిక్కున, బకింగ్‌హాము కాలువకును సముద్రమునకును నడుమ నున్న మా ఊరిలో, మా పెద్దమ్మ ప్రతిదినమును ప్రొద్దుగ్రుంకు వేళ పెరటిలో ముక్కాలిపీట మీద కూరుచుండి, ఎడమపాదమును ఎదుటి పీటపై చాచుకొని, రాగిచెంబుతో నీళ్లు పోసి, సబ్బు రాచి, వ్రేళ్ల సందులను ఒక్కొక్క దానినే పాతచీర పేలికతో తడి లేకుండ ఒత్తుకొనుచుండుట నా బాల్యమున చూచిన దృశ్యములలో నేటికిని మాయనిది. ఆమె కుడికాలికి వెండికడియ ముండెను, ఎడమకాలికి లేదు. పెండ్లినాటి జతలో ఆ రెండవది ఒక సంవత్సరము ఎంతకును ఊడిరాక, కంసాలిచేత కోయించి తీయింపవలసివచ్చి, రెండు ముక్కలుగ పెట్టె యడుగున పడియుండెను. మొదటి దినములలో వ్రేలితో నొక్కిన గుంట పడెడిదట; నాకు బుద్ధి తెలియునప్పటికి అదియును పడుట మానినది. చీలమండ యన్నది కనబడదు. మోకాటి నుండి మడమ వఱకు ఒకే తీరుగ దిగిన ఆ కాలి చర్మము, వానకు నాని ఎండకు ఎండిన తాటిమొద్దువలె గరుకువారి మడతలు పడియుండెను.

బోదకాలు. ఆంధ్రతీరమున పుట్టి పెరిగినవారికి ఈ మాటను వివరింప నక్కఱలేదు. దాని వెనుకనున్న శరీరధర్మమును మాత్రము కొంత చెప్పుకొనవలెను. రక్తము ధమనులలో పోయి సిరలలో మరలివచ్చునని అందఱు నెఱుగుదురు. కాని పోయిన దంతయు ఆ దారినే రాదు. సన్నని రక్తకేశనాళికల గోడల నుండి ఊటవలె కొంత ద్రవము కణముల నడుమకు జాఱును; అందు అధికభాగము మరల రక్తములోనికే చేరినను, దినమునకు సుమారు 3 లీటర్లు వెలుపల మిగిలిపోవును. ఆ మిగిలిన దానిని, దానితో కూడ తప్పించుకొనివచ్చిన మాంసకృత్తులను, చచ్చిన కణముల శిథిలములను ఏఱుకొని, దారిలో గ్రంథులయందు వడగట్టి, మెడ మొదట నున్న పెద్దసిరలలో కలుపు మఱియొక నాళజాలము కలదు. దానినే శోషరసవ్యవస్థ యందురు. దోమకాటుతో ప్రవేశించిన ఉకరేరియా యను నూలుపోగువంటి పురుగు ఈ నాళములలో కాపురముండి, వానిని ఉబ్బించి చెఱుపగా, పాఱవలసిన ద్రవము పాఱక కాలిలో నిలిచిపోవును. గుండె చక్కగ కొట్టుకొనుచున్నను, తిన్న అన్నము చక్కగ ఒంట బట్టుచున్నను, వెడలు దారి యొక్కటి మూసికొనిపోయిన మాత్రమున అవయవము చెడునని పెద్దమ్మ కాలిని చూచి నేర్చుకొంటిని.

ఆ దినములలో ఫైలేరియా ఉద్యోగులు పగలు వచ్చెడివారు కారు. ఊరు మాటు మణిగిన పిదప, రాత్రి పదిగంటల వేళ, టార్చిదీపములతోను గాజుపలకల పెట్టెతోను వచ్చి, అరుగుల మీద నిద్రించువారిని తట్టి లేపి, వ్రేలికొనను సూదితో పొడిచి, రక్తపుచుక్కను పలక మీద అద్దుకొని పోయెడివారు. పగలెల్ల ఊపిరితిత్తుల నాళములలో దాగియుండు ఆ పురుగుపిల్లలు, కుట్టు దోమ వచ్చు నడిరేయి వేళకు సరిగా చర్మపు రక్తములోనికి ఎక్కివచ్చునని తర్వాత నెప్పుడో చదివి అచ్చెరువొందితిని. వానిని చంపు మందు డైయిథైల్‌కార్బమజీను. 1947లో హెట్రజాన్ అను పేర వెలువడిన ఆ మందును అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున రూపొందించిన బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఏండ్ల తరబడి మన తీరజిల్లాలలో ఇంటింటికి తిరిగి మ్రింగించిన బోదకాలు మాత్ర అదియే. తెలుగువాని బుద్ధి ఖండాంతరమున పండి తెలుగుతీరపు పాదముల చెంతకు తిరిగి వచ్చినదని తలచినప్పుడెల్ల నా మనస్సు ఆర్ద్రమగును. ఐనను ఆ మాత్రకు ఒక హద్దు కలదు: పురుగును నశింపజేయును గాని, ఉబ్బి చెడిన నాళమును మరల యథాస్థితికి తేజాలదు. తలను గూర్చి చెప్పునప్పుడు ఈ సంగతితో మరల పని పడును.

ఇప్పుడు పెద్దమ్మకు ఎనుబదియాఱేండ్లు. ఆఱేండ్ల నుండి ఆమెకు మతి తప్పుచు వచ్చుచున్నది. మొదట పులుసులో ఉప్పు రెండుమాఱులు పడెను, పిదప పెట్టిన దీపమునే మరల పెట్టబోవుట, పోయినవారు సాయంకాలమునకు వత్తురని గడపలో కనిపెట్టుకొని యుండుట మొదలయ్యెను. ఒకనాడు, ముప్పదియేండ్లుగ ఒకే ఇంట మసలిన కోడలిని చూచి, "ఎవురమ్మా నువ్వు? యాడి నించి వస్తా ఉండావు?" అని మర్యాదగ అడిగెను. కోడలు వంటయింటిలోనికి పోయి ఏడ్చినది. నెల్లూరిలోని నాడీవైద్యుడు చిత్రములు తీయించి, ఇది ఆల్జీమర్సు వ్యాధియని చెప్పెను. బోదకాలు పురుగునకును ఈ జబ్బునకును సంబంధము లేదు. ఆ పురుగు మెదడునకు పోదు. కాని ఒకే మనిషి కాలును తలను చూచినవాడనగుటచే నాలో ఒక ప్రశ్న మెదలి, "కాలికి కాలువలుండె గదా, తలకు లేవా డాక్టరుగారూ?" అని అడిగితిని. ఆయన చూచుచున్న చిత్రమును బల్లమీద పెట్టి, "నేను చదువుకొనేటప్పుడు అడిగుంటే లేవనే రాసుండేవాణ్ణి సార్, అదే రాస్తే మార్కులొచ్చేవి" అనెను.

ఆ ప్రశ్నకు చరిత్ర పెద్దది. ఇటలీదేశపు శరీరశాస్త్రజ్ఞుడు పావొలో మస్కాన్యి, కళేబరముల నాళములలో పాదరసము నెక్కించి, ఒడలెల్ల వ్యాపించిన శోషరసజాలమును చిత్రించి 1787లో ప్రకటించిన మహాగ్రంథమున, మెదడును కప్పు మూడు పొరలలో వెలుపలిదైన వరాశికయందును అట్టి నాళములు కలవని చూపెను. తర్వాతివారు నమ్మలేదు. 1869లో జర్మను పండితుడు గుస్టావ్ ష్వాల్బె కుక్కల మెదడు చుట్టునుండు ద్రవమున నీలిరంగు నెక్కింపగా, ఆ రంగు మెడలోని శోషరసమార్గములలో తేలినది. అప్పుడును వినలేదు. మెదడునకు శోషరసనాళములు లేవను వాక్యము పాఠ్యగ్రంథముల నుండి పాఠ్యగ్రంథములకు తరతరములు సంక్రమించెను. మెదడు కండలోపల అట్టి నాళములు లేవనుట నేటికిని సత్యమే. ఆ సగము సత్యమే మిగిలిన సగమును ఇంతకాలము కప్పిపుచ్చినది. ఇంటి నడుమ కాలువ లేనంత మాత్రమున పెరటిగోడ వెంబడి లేదనుట ఎట్లు పొసగును?

మా సీమవారికి ఈ విషయమున ఉపమానమును వెదుకవలసిన పని లేదు. సంగము ఆనకట్ట నుండియు, నెల్లూరు ఆనకట్ట నుండియు పెన్ననీరు దిగివచ్చి కయ్యలను నింపును. వచ్చెడి కాలువకు తూములు, వంతులు, కాపలాలు, తగవులు, వ్యాజ్యములు అన్నియు కలవు. వెడలెడి మురుగుకాలువకు అడుగువాడు లేడు. అందు గుఱ్ఱపుడెక్క అల్లుకొనిపోయినను, ఒకడు గెనిమను జరిపి దానిని కలిపికొనినను, ఊరు ఊరకుండును. తుపాను వచ్చి, మూడు దినములు కయ్యలో నీరు దిగక, పైరు వేళ్లు నల్లబడి చౌడు పైకి తేలిననాడు మాత్రము మురుగుకాలువ జ్ఞాపకము వచ్చును. మెదడు విషయమునను లోక మట్లే చేసినది. తూకమున 1.4 కిలోలు, ఒడలి బరువులో రెండు శాతమైన ఈ అవయవము, ఒడలు వినియోగించు ప్రాణవాయువులో ఐదవవంతును తానే తీసికొనును. అంతటి వంటశాలలో బూడిద యెంత పేరుకొనునో యన్న చింత మాత్రము మనకు కలుగలేదు. పరీక్షల వేళ పిల్లలకు పెట్టు సరస్వతీలేహ్యము మొదలు నానబెట్టిన బాదముపప్పు వఱకు మనమెఱిగిన దంతయు మేతయే.

వచ్చు నీటి దోషమును గూర్చి మా జిల్లా లోకమునకు ఒక పాఠము నేర్పియున్నది. 1937లో షార్ట్ ప్రభృతులైన వైద్యులు, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలలో, బావినీటిలోని ఫ్లోరైడు చేత వెన్నెముక బిగిసి లోపలి వెన్నుపాము నలిగిపోయినవారిని కనుగొని వ్రాసిరి. ఫ్లోరోసిస్ వలన నాడులు చెడుటను లోకము ప్రప్రథమముగ ఎఱిగినది ఆ వ్రాతలచేతనే. ఇప్పుడు చెప్పబోవునది పోవు నీటి దోషము.

కపాలములో మెదడు ఒక నిర్మలద్రవమున తేలియాడుచుండును. మస్తిష్కమేరుద్రవమను ఈ ద్రవము ఏ సమయమున చూచినను సుమారు 150 మిల్లీలీటర్లు మాత్ర ముండును గాని, దినమునకు 500 మిల్లీలీటర్లు క్రొత్తగ ఊరుచుండును. అనగా పాతది పోయి క్రొత్తది నిండుట దినమునకు మూడుమాఱులకు మించి జరుగును. పాత్ర నిండియే యుండి ఇంత ఊరుచున్నదనిన, అంతయు ఎచటికో పోవుచునే యుండవలెను గదా. తలకు దెబ్బ తగులకుండ పఱుపువలె కాచుటయే దీని పనియని మేము చదువుకొంటిమి. 2012లో అమెరికాలోని రాచెస్టరు విశ్వవిద్యాలయమున మైకెన్ నెడర్‌గార్డ్, జెఫ్రీ ఇలిఫ్ తమ సహచరులతో కూడ, బ్రతికియున్న చిట్టెలుకల ద్రవములో మెఱయు రంగును కలిపి సూక్ష్మదర్శినితో కనిపెట్టి చూడగా, ఆ రంగు ధమనుల చుట్టు ఒఱవలె నున్న సందుల వెంట మెదడు లోతులకు దిగుట కనబడెను. ఆ ఒఱ వెలుపలి గోడ నక్షత్రాకారమైన సహాయకణముల పాదములతో కట్టబడినది. ఆ పాదములయందు ఆక్వాపొరిన్-4 అను నీటితూములు వరుసలు తీరియున్నవి. కణమునకు నీటితూము కలదని కనుగొనిన పీటర్ ఆగ్రె 2003లో నోబెలు బహుమానము పొందెను. గుండె కొట్టుకొనినప్పుడెల్ల ధమని ఉబ్బి తగ్గుచు, ఏతమువలె ద్రవమును ముందునకు త్రోయును. ఆ ద్రవము కణముల నడుమ వ్యాపించి, అచటి కల్మషమును కలుపుకొని, సిరల వెంబడి వెలికి వచ్చును. నీటితూములు లేకుండ పుట్టించిన చిట్టెలుకలలో, ఎమిలాయిడ్ అను మాంసకృత్తు తొలగిపోవుట సగమునకు పైగ తగ్గెను. ఈ పాఱుదలకు వారు పెట్టిన పేరు గ్లింఫాటిక్ వ్యవస్థ. గ్లియా యనబడు ఆ సహాయకణములకును, శోషరసమునకును ముడివేసిన పేరు.

అది కయ్యలోని పాఱుదల. గోడ వెంబడి పెద్దకాలువ 2015లో దొరకినది. వర్జీనియా విశ్వవిద్యాలయమున జొనాథన్ కిప్నిస్ పరిశోధనాలయములో ఆంట్వాన్ లూవో యను యువకుడు, మెదడు పొరలను చింపి ముక్కలుగ చూచుటకు మాఱుగ, వానిని పుఱ్ఱెచిప్పకు అంటియున్నట్లే గట్టిపఱచి, అటుపిమ్మట మొత్తముగ విప్పి పఱచి చూచెను. చిట్టెలుక పుఱ్ఱెచిప్ప మన చిటికెనవ్రేలి గోరంత యుండును. ఆ పొరను చిరుగకుండ, ముడుత పడకుండ ఎత్తుట ఎంతటి చేతిపనియో ఊహింపుడు. అట్లు పఱచిన పొరలో రోగరక్షక కణములు చెదరి యుండక, పెద్దసిరల ప్రక్కన గీత గీచినట్లు వరుసలు కట్టియుండెను. వరుస యున్నచోట గట్టుండవలెను. పరీక్షింపగా అవి శోషరసనాళములే. అదే సంవత్సరమున హెల్సింకి నగరమున కారి అలిటలొ బృందమును వేఱుగ ఈ నాళములనే కనుగొనెను. 2017లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలవారు బ్రతికియున్న మనుష్యుల తలలలో ఎమ్మారై చిత్రముల ద్వారా వానిని చూచిరి. మస్కాన్యి మాట నెగ్గుటకు రెండువందల యిరువదియెనిమిది సంవత్సరములు పట్టినది. ఈ నాళములు మెదడు నుండి వెడలిన ద్రవమును మెడలోపలి శోషరసగ్రంథులకు చేర్చును. అచటి నుండి అది, పెద్దమ్మ కాలి నుండి రావలసిన శోషరసమువలెనే, మెడ మొదటి సిరలలో రక్తమున కలియును. కాలికిని తలకును చివరి రేవు ఒక్కటియే.

ఈ సంగతులను నేను రొయ్యలగుంటలు వేయు మా ఊరి పెద్దాయనకు ఒకనాడు చెప్పుకొంటిని. తొంబదుల నడుమ తెల్లమచ్చ తెగులు వచ్చి మా తీరమున గుంటలకు గుంటలే పోయినప్పుడు అన్నియు పోగొట్టుకొని, మరల నిలద్రొక్కుకొన్న మనిషి ఆయన. ఏరియేటరు చక్రము చిమ్మెడి నీటి తుంపరలో గట్టుమీద గొంతుకూరుచుండి, గుంట యడుగు నుండి గుప్పెడు నల్లబురద తీసి నా ముక్కు దగ్గఱ పెట్టెను; మురిగిన గ్రుడ్డువాసన. "మేతదేముందబ్బయా, ఎవురైనా ఏస్తారు. తిన్నది పొయ్యేదెట్టా అని అడుగు చూసుకునేవోడే గుంట నిలబెట్టుకుంటాడు" అనెను. తినక మిగిలిన మేతయు, తిని విసర్జించినదియు అడుగున కుళ్లి విషవాయువగును. రొయ్య చచ్చునది ఆకలి చేత గాదు. ఆయన మాటలో ఆ శాస్త్రవ్యాసముల సారమంతయు కలదని నాకు తోచినది.

1906లో అలోయిస్ ఆల్జీమర్, తాను వైద్యము చేసిన, పిదప చనిపోయిన యొక స్త్రీ మెదడును పరీక్షించి వర్ణించిన వానిలో ప్రధానమైనవి, నాడీకణముల నడుమ పేరుకొనిన ఫలకములును, కణములలోపల చిక్కుపడిన పోగులును. ఫలకములు ఎమిలాయిడ్ తోడివి; పోగులు టౌ అను మాంసకృత్తువి. ఎమిలాయిడ్ పుట్టుటయే రోగము కాదు; అది ఆరోగ్యవంతుని మెదడునను దినదినము పుట్టుచునే యుండును. పుట్టినది పుట్టినట్లు పోవుచుండవలెను. ముదిమితో సంభవించు సామాన్యమైన ఆల్జీమర్సు వ్యాధిలో, పుట్టుక పెరుగుట కన్న పోక తగ్గుటయే ప్రధానదోషమని పెక్కుమంది పరిశోధకులు తలచుచున్నారు. 2018లో కిప్నిస్ బృందమే, ఈ వ్యాధి కలుగునట్లు పెంచిన చిట్టెలుకలలో మెదడుపొరల శోషరసనాళములను చెఱుపగా ఫలకములు హెచ్చెను. ముసలి చిట్టెలుకలకు ఆ నాళములను పెంచు ద్రవ్యము నొసగగా నాళములు వెడల్పయి, నేర్చుకొను శక్తి కొంత మరలివచ్చెను. మఱుసటి యేడు కొరియా దేశమున, పుఱ్ఱె యడుగుభాగపు నాళములు వయస్సుతో కూడ చెడి, పాఱుదల మందగించునని చూపిరి.

పులికాటు సరస్సును ఎఱిగినవారికి ఇది మఱింత సులభముగ బోధపడును. సముద్రమునకును సరస్సునకును రాకపోకలు కల్పించు రాయదొరువు, కొండూరుపాలెము ముఖద్వారములు ఇసుకతో పూడుకొనిపోవుచుండగా, సరస్సు వెలుపలికి సరస్సువలెనే యుండును. ఫ్లెమింగోలు వచ్చుచునే యుండును, పడవలు తేలుచునే యుండును. లోలోపల నీరు మాఱక, వేసవిలో ఉప్పు పెరిగి, చేప లోపలికి రాక, చివరకు నేల బీటలువారును. సూళ్లూరుపేట, తడ ప్రాంతముల మత్స్యకారులు ఏండ్ల తరబడి అడుగుచున్నది చేపపిల్లలను గాదు, పూడికతీతను. పెద్దమ్మ ఆ సరస్సు ప్రక్కపల్లె ఆడపడుచు. ఇప్పు డామెకు చిన్ననాట విన్న అరవము తెలుగు కన్న ముందుగ నోటికి వచ్చుచున్నది. ఇక్కడ కాలువల కథకు కొంచెము దూరమైనను, తెలుగునేలపై జరిగిన పనిని చెప్పక ఉండజాలను: హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందము 648 మంది మతిమఱపు రోగులను పరిశీలించి, ఒక్క భాషయే ఎఱిగినవారి కన్న రెండు భాషలు మాటాడువారికి వ్యాధిలక్షణములు సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగ పొడసూపినవని 2013లో ప్రకటించెను. పెద్దమ్మకు ఆ నాలుగున్నర యేండ్లు దక్కినవేమో. మన దేశమున అఱువదియేండ్లు దాటినవారిలో ఈ జాతి వ్యాధులు కలవారు సుమారు 88 లక్షలని 2023లో వెలువడిన ఒక అధ్యయనము లెక్కగట్టినది. అందు ప్రతి యొక్కరి వెనుకను వంటయింటిలో ఏడ్చు కోడలో కూతురో కలదు.

తక్కిన వ్యాధులను గూర్చి క్లుప్తముగ చెప్పెదను. తలకు దెబ్బ తగిలిన పిదప ఈ పాఱుదల చాల దినములు మందగించుటను చిట్టెలుకలలో చూచిరి. మా జాతీయ రహదారిపై శిరస్త్రాణము లేక మోటారుసైకిళ్లు నడుపు కుఱ్ఱవాండ్రను చూచినప్పుడు, పగిలిన ఎముక అతికిన తర్వాతను లోపల ఏ మురుగు నిలుచునో యని నా గుండె జల్లుమనును. తలలో నీరు చేరి నడక తడబడి మతి చెడు వృద్ధులయందు, ద్రవము వెడలుట ఆలస్యమగునని నార్వేలోని ఓస్లో వైద్యులు మనుష్యులలోనే చిత్రములు తీసి నిరూపించిరి. ప్రతి వ్యాధికిని ఇది ఒకే తీరుగ వర్తింపదు: రోగరక్షక కణములే నాడుల తొడుగును తినివేయు మల్టిపుల్ స్క్లిరోసిస్ వంటి వ్యాధిని చిట్టెలుకలలో కల్పించి, ఈ నాళములను చెఱుపగా, వ్యాధి తీవ్రత తగ్గినది. మెదడు వార్త మెడలోని గ్రంథులకు పోవు దారియు ఇదియే గనుక, దారి మూయగా కలహము సద్దుమణిగినది కాబోలు.

నిద్ర సంగతి చెప్పవలెను. 2013లో నెడర్‌గార్డ్ బృందము, చిట్టెలుకలు నిద్రించునప్పుడు మెదడుకణముల నడుమ ఎడము 14 శాతము నుండి 23 శాతమునకు పెరిగి, కల్మషము త్వరగ కడుగుకొనిపోవునని ప్రకటింపగా, లోకమంతయు దానిని చేతులు చాచి అందుకొన్నది. 2024లో లండను నగరపు ఇంపీరియల్ కళాశాలవారు తమ కొలతలలో నిద్రయందు ఈ పోక తగ్గినదే గాని పెరుగలేదని ఎదురు నిలిచిరి. ఈ తగవు నడుచుచునే యున్నది. కాని మనుష్యులలో, ఒక్కరాత్రి నిద్ర మాన్పించిన మాత్రమున, మెదడు నుండి గుఱుతుద్రవ్యము వెడలుట మందగించినదని 2021లో ఓస్లోవారు చూపినది నా మనస్సునకు బలముగ తాకినది. మైపాడు ఒడ్డున తెల్లవాఱుజామున మూడింటికి పడవ దించి, మధ్యాహ్నము వలలు బాగుచేసికొని, కునుకు తీయబోవునంతలో మరల సముద్రము మీదికి పోవువారిని నే నెఱుగుదును. రాత్రియెల్ల ఏరియేటర్లకు కావలి కూరుచుండు గుంటకాపరిని ఎఱుగుదును. ఇంట ముసలిరోగి రేయెల్ల తిరుగుచుండగా వెంట తిరిగెడి కోడలిని అందఱి కన్న బాగుగ ఎఱుగుదును. ఆమె నిద్రను గూర్చి ఏ వైద్యుడును మందుచీటి వ్రాయడు.

ఇక చికిత్స. లెకానెమాబ్ అను మందు ఎమిలాయిడును పట్టి తొలగించును. 1,795 మందిపై పదునెనిమిది నెలలు జరిగిన పరీక్షలో అది వ్యాధిగమనమును 27 శాతము మందగింపజేసినదని తేలి, 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందినది. పోయిన జ్ఞాపకమును తేలేదు. మెదడులో వాపును, రక్తస్రావమును కలిగింపవచ్చును. బోదకాలు మాత్రను గూర్చి చెప్పిన మాటయే ఇచటను: పేరుకొనినదానిని తీయుట వేఱు, చెడిన కాలువను నిలుపుట వేఱు. కాలువనే బాగుచేయుదమను తొందరపాటునకు ఫలితమును చైనాలో చూచితిమి. బోదకాళ్లవంటి వాపులకు శోషరసనాళమును ప్రక్కనున్న సన్నని సిరకు కుట్టి దారి కల్పించు శస్త్రచికిత్స కలదు. దానినే మెడకు మార్చి, లోతునున్న శోషరసనాళములను సిరకు కలిపిన మతిమఱపు తగ్గునని అచటి శస్త్రవైద్యులు ఆసుపత్రి తర్వాత ఆసుపత్రిలో వేలకొలది కుటుంబముల ఆశను బల్లపై పరుండబెట్టిరి. తగిన నిదర్శనము లేదని 2025లో చైనా ఆరోగ్యశాఖ ఆ చికిత్సను నిలిపివేసినది. ఆలోచన తప్పని నే ననను. వెఱ్ఱి ఆలోచనయు కాదు. కాని మురుగుకాలువ త్రవ్వుటకు ముందు వాటమెటున్నదో చూడని త్రవ్వకము పొలమును ముంచునని మా ఊరి పాలేరు సయితము ఎఱుగును. చిట్టెలుకలో కనిపెట్టినది మనిషికి మందగుటకు మధ్య నున్న ఓపికను రోగి బంధువుల నుండి అడుగుట కఠినమే. వారి కా ఓపికకు బదులుగ నిజమునైనను చెప్పవలెను.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు, ప్రొద్దుగ్రుంకు వేళ, కోడలు పొయ్యి దగ్గఱ నుండగా రాగిచెంబు నేనే తీసికొని పెరటిలోనికి పోతిని. పెద్దమ్మ నన్ను గుర్తుపట్టలేదు. చెంబులో నీళ్ల చప్పుడు విని, ఎవరును చెప్పకయే, పీట మీద కూరుచుండి ఎడమకాలు చాచెను. నేను సబ్బు రాచి, మడతలు కడిగి, వ్రేళ్ల సందులు ఒక్కొక్కటియే పేలికతో ఒత్తితిని. నాలుగవ వ్రేలికిని ఐదవ వ్రేలికిని నడుమ తడి మిగిలిపోయినది. ఆమె చూపుడువ్రేలితో ఆ చోటు చూపి, "ఆడ కూడా, నాయనా" అనెను. రాత్రి ఆమె మంచము ప్రక్క దీపము తగ్గించి కూరుచుంటిని. మొదటి జామున రెండుమాఱులు లేచి అరవములో ఎవరినో పిలిచెను. తర్వాత ప్రక్కకు ఒత్తిగిలి నిద్రపోయెను. దవడ క్రింద, ముడుతలు పడిన మెడ మీద, ధమని లేచి పడుచుండుట ఆ మసకవెలుతురులో నాకు కనబడుచుండెను. కోడలు వచ్చి లోపలి గదిలో చాప వేసికొన్నది. తెల్లవాఱు వఱకు నేను చూచుకొందునని ఆమెతో చెప్పితిని.